తాళాల అవ్వ ఎవరు?

మూడో రోజు కూడా అత్తగారు కోడలు ఇచ్చిన మంచినీళ్ళు ముట్టుకోలేదు.

బల్ల మీద పెట్టిన గ్లాసును ఒక్క వేలితో అవతలికి జరిపింది. లేచి వంటగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, వేరే గ్లాసులో తనే పట్టుకుని తాగింది. తాగిన గ్లాసు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చుంది. ఇంత పనీ ఒక్క మాట లేకుండా జరిగింది.

తిట్టినా బాగుండేది అనుకుంది కోడలు. తిడితే జవాబు చెప్పొచ్చు. పక్కకి జరిపిన గ్లాసుకి ఏం జవాబు చెప్తాం?

"అత్తయ్యా, వందోసారి చెప్తున్నాను. ఆ అవ్వ మీరు కాదు. మిమ్మల్ని చూసి నేను గీయలేదు."

అత్తగారు కోడలి వంక చూడలేదు. ఎదురుగా రొట్టె నములుతున్న కొడుకుతో అంది.

"మీ ఆవిడతో చెప్పరా. నేను బళ్ళో ముప్పై ఏళ్ళు కుట్టుపని నేర్పినదాన్ని. వీధిలో పోయే మనిషిని చూసి, ఒంటి మీది చొక్కా ఆ మనిషికే కుట్టారో, ఇంకొకరిది తొడుక్కున్నాడో చెప్పగలను. ఆ అవ్వని నా కొలతలకే కుట్టారు."

ఆవిడ మాట ఎప్పుడూ నోటికి ఎడమ చివరనుంచే వస్తుంది. కుడి చివర గుండుసూదులు బిగబట్టుకుని పిల్లలకి పాఠాలు చెప్పీ చెప్పీ పడిన అలవాటు. సూదులు మానేసి ఎనిమిదేళ్ళయినా నోరు మాత్రం సర్దుకోలేదు.

ఆదివారం కోడలు పనిచేసే స్టూడియోలో అక్కడివాళ్ళ కుటుంబాలకి కొత్త బొమ్మల సినిమాలోంచి ఇరవై నిమిషాలు వేసి చూపించారు. 'ఏడు తలుపుల కొండ' కథ తెలియని పిల్లలు లేరు, ఆ పిల్లల్ని కన్నవాళ్ళూ లేరు. కొండలోకి ఒక అమ్మాయి వెళ్తుంది. ఏడో తలుపు దగ్గర నడుముకి తాళాల గుత్తి కట్టుకున్న అవ్వ ఉంటుంది. నీకు అన్నిటికంటే ఇష్టమైనది ఇచ్చెయ్, తలుపు తీస్తాను అంటుంది. ముప్పై రెండేళ్ళుగా పుస్తకంలో ఉన్న ఆ అవ్వ మొన్న మొదటిసారి తెర మీద లేచి నిలబడింది. నోటి చివరనుంచి మాట్లాడింది. ఆలోచిస్తూ కుడిపాదం మడమ, మునివేళ్ళు, మడమ, మునివేళ్ళు అని నేలమీద ఆడించింది, అచ్చం కుట్టుమిషను తొక్కినట్టు. కళ్ళజోడును మణికట్టుతో పైకి తోసుకుంది.

అప్పుడే ఏడేళ్ళ మనవరాలు కుర్చీ మీదికెక్కి అరిచింది.

"నానమ్మా! నువ్వే! నువ్వు సినిమాలో ఉన్నావ్!"

హాలంతా గొల్లుమంది. ముందు అత్తగారూ నవ్వబోయింది. తర్వాత తన పాదం వైపు చూసుకుంది. అది ఆడుతోంది. లేచి, వరసలో కూర్చున్నవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ బయటికి నడిచింది. ఆ నడకే ఇంకా ఆగలేదు.

"నోటి సంగతి పుస్తకంలో ఉందత్తయ్యా," అంది కోడలు. "అవ్వ నోటి చివరనుంచి మాట్లాడేది అని."

ఈసారి అత్తగారు తిరిగి చూసింది.

"ఉంది. ఒక్క వాక్యం ఉంది. ఆ ఒక్క వాక్యానికే నేను, దాన్ని రాసిన నా తోడబుట్టినదానితో ముప్పై రెండేళ్ళు మాట్లాడలేదు. మరి కాలు? కళ్ళజోడు? అవి ఏ పేజీలో ఉన్నాయి? ఆ పుస్తకం రాసినప్పుడు నాకు కళ్ళజోడే లేదు. ఈ ఇంట్లో నాతో పాటు తిరిగేవాళ్ళు చెప్తే తప్ప అవి బయటికి ఎలా వెళ్తాయి?"

 ఆ అవ్వ ముఖం గీసింది తనే. గౌను మడతలు, తాళాల గుత్తి గీసింది తనే. రెండేళ్ళ కిందట ఈ సినిమాలో పని దొరికినప్పుడు భయపడుతూ వచ్చి అడిగితే, "ఉద్యోగం ఉద్యోగమే. గియ్యి. ఆ పుస్తకాన్ని మాత్రం ఈ గడప లోపలికి తేకు," అంది అత్తగారు. అంత మాట నిలబెట్టుకున్న మనిషికి తను చేసింది ఇదా అని చుట్టాలందరూ ఇప్పుడు అనుకుంటారు.

కోడలి భర్తకి అడగని మాట అనడం చిన్నప్పటినుంచీ అలవాటు.

"గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకమ్మా? లోకంలో నోరు పక్కకి పెట్టేవాళ్ళు నువ్వొక్కదానివేనా?"

 అత్తగారు అతని పళ్ళెంలోంచి సగం తిన్న రొట్టెను తీసి, డబ్బాలో పెట్టి, మూత బిగించింది.

"షాపుకి వేళైంది. వెళ్ళు."

అతని ఫోను మోగింది. అతను దాని వంక చూసి, చటుక్కున బోర్లించి, లేచి బాల్కనీలోకి వెళ్ళి తలుపు దగ్గరికి లాగాడు.

తన కళ్ళజోళ్ళ షాపుకి వచ్చే ఫోన్లు ఎవరివైనా సరే అతను నట్టింట్లో కూర్చునే మాట్లాడతాడు. కోడలు తలుపు అద్దంలోంచి చూసింది. అతను తల ఊపుతున్నాడు. తల్లి వైపు ఒకసారి దొంగచూపు చూసి వీపు తిప్పాడు.



*

స్టూడియోలో బొమ్మలు గీసే ప్రతి బల్ల మీదా ఒక చిన్న అద్దం ఉంటుంది. బొమ్మకి కోపం రావాలంటే గీసేవాళ్ళు ముందు అద్దంలో చూసుకుంటూ కోపం తెచ్చుకోవాలి. ఆ ఉదయం కోడలికి అద్దం చూసుకునే పని లేకుండానే కోపం వచ్చింది.

డైరెక్టరు గదికి తలుపు లేదు. పరదా ఉంది. ఏ బొమ్మనీ మొదటిసారి ఒప్పుకోడు గనక, 'చెరిపి మళ్ళీ' అన్నది ఊతపదం గనక, ఆయనకి లోపల అందరూ పెట్టుకున్న పేరు రబ్బరు సార్.

"సార్, అవ్వ కదలికలు ఎవర్ని చూసి చేశారు?"

"ఏం, బాగా రాలేదా?"

"బాగా వచ్చాయి. అందుకే అడుగుతున్నా."

"రిఫరెన్సు వీడియో ఒకటి ఉంది. చూసి చేశారు."

"వీడియోలో ఉన్నదెవరు?"

"ఒకావిడ."

"ఏ ఒకావిడ సార్?"

రబ్బరు సార్ కళ్ళు ఎత్తలేదు. బల్ల మీద లేని గీతనేదో బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు.

"మేడమ్, విడుదలకి ఆరు వారాలుంది. అవ్వ అద్భుతంగా వచ్చిందని చూసినవాళ్ళందరూ అంటున్నారు. ఇప్పుడు అవ్వ కులగోత్రాలు మనకెందుకు?"

"మా ఇంట్లో మూడు రోజులుగా నా చేతి నీళ్ళు తాగడం లేదు సార్. అందుకు."

ఆయన ముఖంలో ఒక్క క్షణం జాలి కనిపించింది. వెంటనే దాన్ని చెరిపేసుకున్నాడు.

"నేను మాట ఇచ్చాను మేడమ్. ఎవరికిచ్చానో కూడా చెప్పనని ఇచ్చాను."

మాట ఇచ్చాడు అంటే తీసుకున్నవాళ్ళు ఉన్నారు. కోడలు తన బల్ల దగ్గరికి పోలేదు. కింది అంతస్తులో నడకలు చేసే అమ్మాయి ఒకతె ఉంది. గుర్రం నడక దగ్గర్నుంచి గుడ్లగూబ నడక దాకా ఆ పిల్ల చేతిలోంచే వస్తాయి. కోడలు ఆ పిల్ల కుర్చీ పక్కన చతికిలబడింది.

"అవ్వ వీడియో నువ్వు చూశావా?"

"సార్ కంప్యూటర్లో చూపించారక్కా. కాపీ ఇవ్వలేదు. కళ్ళ దగ్గర మసక చేసేశారు. నోరు, చేతులు, కాళ్ళు మాత్రం బాగా కనిపించాయి." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "ఎవరో పెద్దావిడ. కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంది, కాసేపు లేచి నడుస్తుంది."

"ఎక్కడ తీశారో తెలిసిందా? వెనకాల ఏం కనిపించింది?"

"ఏముందీ, చీకటి గది. గోడకి ఒక పలక. దాని మీద అక్షరాలున్నాయి. పైన పెద్ద అక్షరం, కిందికి వచ్చేకొద్దీ చిన్నవి."

కోడలు లేచి నిలబడింది. 

"ఏమైందక్కా?"

"ఏం లేదు. సాయంత్రం దాకా నన్ను ఎవరైనా అడిగితే కళ్ళు చూపించుకోవడానికి వెళ్ళానని చెప్పు."

*

షాపులో అడుగు పెడితే నాలుగు గోడల అద్దాల్లోంచి నలుగురు భర్తలు ఆమె వంక చూశారు. నలుగురి ముఖాలూ పాలిపోయాయి.

"ఇప్పుడొచ్చావేం? పాపకి ఒంట్లో బాగానే ఉందా?"

"పాప బడిలో ఉంది. మీ అమ్మని వీడియో తీసి మా సార్‌కి పంపారా?"

"నేనా? అమ్మనా? ఛ!"

"అక్షరాల పలక కనపడుతోందట. ఈ ఊళ్ళో రబ్బరు సార్‌కి తెలిసిన కళ్ళ పరీక్ష గది ఇంకెక్కడుంది? కన్నతల్లిని చాటుగా వీడియో తీసి, నన్ను బోనులో నిలబెట్టి, పొద్దున్న రొట్టె తింటూ కూర్చున్నారే! గుమ్మడికాయల దొంగ సామెత కూడా మీరే చెప్పారు!"

"అమ్మ కాదు అంటున్నాను కదా."

"అమ్మ కాకపోతే ఆ నోరు ఇంకెవరికుంది?"

అతను నోరు తెరిచాడు. అంతలో గంట మోగి, ఒక ముసలాయన లోపలికి వచ్చి, కళ్ళజోడు కాడ ఊగుతోంది బాబూ అన్నాడు. అతను కూర్చుని చిన్న మర బిగించడం మొదలుపెట్టాడు. మర రెండుసార్లు కింద పడింది. రెండుసార్లూ కోడలే వంగి తీసి ఇచ్చింది. ముసలాయన వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసి, "తొందరేం లేదు. రేపొస్తాను," అని కళ్ళజోడు లేకుండానే వెళ్ళిపోయాడు.



"పెద్దమ్మ," అన్నాడు అతను.

"ఏమిటి?"

"వీడియోలో ఉన్నది పెద్దమ్మ. ఆ పుస్తకం రాసినావిడ."

కోడలు పక్కనున్న ఎత్తు బల్ల మీద కూర్చుంది.

"నిరుడు ఒకరోజు అద్దాల కోసం వచ్చింది. ఎవరో నాకు తెలీదు, నేనెవరో ఆవిడకి తెలీదు. లోపల కూర్చోబెట్టి అక్షరాలు చదవమన్నాను. చీకట్లో చదవడం మొదలుపెట్టింది. ఒళ్ళు ఝల్లుమంది. అమ్మే వచ్చి కూర్చుందనుకున్నాను. దీపం వేసి చూస్తే ముఖం వేరు, నోరు ఒకటే. వాళ్ళ అమ్మకి కుట్టుకొట్టు ఉండేదట. అక్కాచెల్లెళ్ళిద్దరూ చిన్నప్పుడు నోట్లో సూదులు పెట్టుకుని ఆవిడకి సాయం చేసేవాళ్ళట. ఒకే మిషను మీద వంతులేసుకుని తొక్కేవాళ్ళట."

"నిరుడు?" అంది కోడలు. మిగతావేవీ ఆమె చెవికెక్కలేదు. "నిరుటి నుంచీనా? పొద్దున్న బాల్కనీలో మాట్లాడింది ఆవిడతోనేనా?"

"చూపు బాగా తగ్గిపోయిందే. ఎవరూ లేరు. నెలకోసారి వస్తుంది. మీ సార్ అవ్వ గురించి ఆవిడ్ని అడిగితే, మాటల్లో చెప్పలేను, చేసి చూపిస్తాను అందట. స్టూడియోకి మాత్రం రానంది. అక్కడ నువ్వుంటావని తెలుసు. చెల్లెలి కోడలి కంట పడితే చెల్లెలికి తెలుస్తుంది, మళ్ళీ గొడవ. అందుకని ఇక్కడ తీశాం."

"తీశాం!" అంది కోడలు. "మా ఆయన నా దగ్గర ఏదీ దాచడని నేను నలుగురిలో చెప్పుకుంటాను."

"ఇంట్లో గొడవ ఎందుకని..."

"గొడవ కాలేదా ఇప్పుడు? తప్పు మీదయితే నీళ్ళు మానేసింది నా చేతివి!"

అతను తల వంచుకున్నాడు. సొరుగు తీసి, లోపలి అరలోంచి ఫోను తీసి, ఆమె చేతిలో పెట్టాడు. కళ్ళ దగ్గర మసక లేని వీడియో.

ఆమె దాన్ని నిలబడే మొత్తం చూసింది. అందులో ముసలావిడ చివర్లో చెప్పిన నాలుగు ముక్కలు రెండుసార్లు విన్నది. తర్వాత ఫోను తన సంచిలో వేసుకుంది.

"ఏం చేస్తావ్?" అన్నాడు అతను భయంగా.

"మీరు చేయనిది."

*

సాయంత్రం ఎండ ఇంకా కిటికీలో ఉండగానే ఆమె అత్తగారి ఎదురుగా కూర్చుంది. అత్తగారు మనవరాలి బడిబట్టలకి గుండీలు కుడుతోంది.  ఫోనును నీళ్ళ కూజాకి ఆనించి నిలబెట్టి, నొక్కింది.

గోడ మీది అక్షరాల పలక ముందు ఒక ముసలావిడ కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. కుడిపాదం ఆడుతోంది. కళ్ళజోడును మణికట్టుతో పైకి తోసుకుని, నోటి ఎడమ చివరనుంచి మాట్లాడింది.

అత్తగారి చేతిలో సూది గుండీ మధ్యలో ఆగిపోయింది.

"అవ్వ ఎవరు, అవ్వ ఎవరు అని ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నారు," అంటోంది వీడియోలో ఆవిడ. "పిల్లలకి చెప్పకండి. ఆ అవ్వని నేనే. ఎదుటివాళ్ళకి ఇష్టమైనది లాక్కుని తాళం వేసుకు కూర్చునే బుద్ధి నాదే. దాన్ని నేను బాగా ఎరుగుదును గనక రాయగలిగాను. ఇదిగో, ఇలా నడుస్తుంది."

ఆవిడ లేచి నడిచింది. వీడియో అయిపోయింది.

"మళ్ళీ పెట్టు," అంది అత్తగారు. మూడు రోజుల్లో కోడలితో నేరుగా అన్న మొదటి మాట అది.

రెండోసారి చూసింది. మూడోసారి గొంతు తీసేయమంది. శబ్దం లేకుండా నడిచే అక్కని చూస్తూ, "చిక్కిపోయింది," అంది. కొంచెం ఆగి, "జుట్టు ఎవరు కత్తిరించారో, వెనకాల హెచ్చుతగ్గులు," అంది. తర్వాత గొంతు సవరించుకుంది.

"మంచినీళ్ళియ్యి."

షాపులో తెలిసిన సంగతంతా కోడలు చెప్తుంటే వింటూ, ఆమె ఇచ్చిన గ్లాసు పూర్తిగా తాగింది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయిపోయిందనుకుంది.

అవలేదు. ఎక్కడో దూరంగా చూస్తున్నట్టు అత్తగారు అడిగింది.

"అయితే ఆ పుస్తకంలో నేను లేనా?"

"అదే కదత్తయ్యా మంచిది. అవ్వ మీరు కాదు కదా."

"అవ్వని కాదు సరే. మరి నేనెక్కడ? ఒకే పక్క మీద పడుకున్నాం. ఒకే మిషను తొక్కాం. దాని కథలన్నీ మొదట విన్నదాన్ని నేను. ఆ కొండ పేరు పెట్టింది నేను. అంత పుస్తకంలో నాకు ఒక చెట్టు పాటి చోటు కూడా ఇవ్వలేదా?" ఆవిడ గొంతు పెరిగింది. "ముప్పై రెండేళ్ళు తిట్టుకున్నానే, కనీసం నన్ను తలుచుకుని రాసిందనుకుని తిట్టుకున్నానే!"

అప్పుడే షాపు మూసి వచ్చిన కొడుకు గుమ్మంలోనే ఆగిపోయాడు. అత్తగారు తల తిప్పింది. కోపం ఇంత నెమ్మదిగా ఉండగలదని కోడలికి అంతవరకూ తెలీదు.

"ఏరా, నా కడుపున పుట్టి నిరుటినుంచీ నా అక్క కళ్ళు చూస్తున్నావట?"

"అమ్మా, నేను..."

"మళ్ళీ ఎప్పుడొస్తుంది?"

"ఎల్లుండి. పదకొండింటికి. కొత్త అద్దాలకి."

అత్తగారు కళ్ళజోడు తీసి వెలుతురులోకి పట్టి చూసింది.

"నాదీ కాస్త వదులైంది. ఎల్లుండి నేనూ వస్తాను."

కాడలు ఏమాత్రం వదులు కాలేదని కళ్ళజోళ్ళ షాపతనికి తెలుసు. నోరెత్తలేదు. ఆవిడ వచ్చేది కౌగిలించుకోవడానికో కడిగెయ్యడానికో భార్యాభర్తలిద్దరికీ అంతు పట్టలేదు. మధ్యలో రోజంతా ఆవిడ తన మంచి బట్టలు తీసి ఇస్త్రీ చేసుకుంది, మళ్ళీ విప్పి ఇంకోసారి చేసుకుంది. ఎవరేం అడిగినా "ఊఁ" తప్ప ఇంకో మాట లేదు.

*

ఆ రోజు కోడలు స్టూడియోకి సెలవు పెట్టింది. పదిన్నరకే ముగ్గురూ షాపులో ఉన్నారు. అత్తగారు గోడ పక్క కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది.

పదకొండుకి గంట మోగింది. చేతికర్ర తలుపును నెట్టింది. పెద్దమ్మ లోపలికి వచ్చి, వెలుతురుకి కళ్ళు చికిలించి, గోడ పక్కన మనిషి ఆకారాన్ని పోల్చుకుంది.

"ఎవరో ముందొచ్చినట్టున్నారు. కానివ్వండమ్మా. నేను ఆగుతాను."

 పెద్దమ్మ రెండు కుర్చీల అవతల కూర్చుంది.  కొడుకు మాట్లాడబోతే కోడలు అతని చెయ్యి పట్టి ఆపింది.

"నీ పుస్తకం చదివాను," అంది అత్తగారు.

పెద్దమ్మ చేతికర్ర జారి నేలమీద పడింది. ఎవరూ తియ్యలేదు. ఆవిడ కదలకుండా, ఎదర గోడకేసే చూస్తూ అడిగింది.

"ఎంతవరకు?"

"అవ్వ వచ్చేదాకా. అక్కడ మూసేశాను."

"అయితే సగమే చదివావు చిట్టీ."

"మిగతా సగంలో మాత్రం నేనున్నానా?"

"లేవు."

"ఎందుకు లేను?"

"తీసేశాను," అంది పెద్దమ్మ. "ఇద్దరు పిల్లలు కొండలోకి వెళ్ళారు, ఒక్కరు కాదు. అక్కా, చెల్లెలూ. చెల్లెలే తెలివైంది. ఏడో తలుపు తీసేది అదే. తర్వాత తీసేశాను. తొందర్లో తీసేశాను గనక కొన్ని మాటలు మిగిలిపోయాయి. చూడు, ఆ పిల్ల ఒక్కతే నడుస్తూ కూడా 'మనం ఇటు వెళ్దాం, మనకి భయమేముంది' అంటుంది. అచ్చుతప్పు అని ఎన్ని ఉత్తరాలొచ్చాయో."

 కోడలు పనిచేసే స్టూడియోలో ఆ 'మనం' గురించి వారం రోజులు వాదించుకున్నారు. చివరికి రబ్బరు సార్ అన్నిటినీ చెరిపి 'నేను' పెట్టించాడు.

అత్తగారు లేచి నిలబడింది. 

"అంత చేతులారా రాసుకున్నదాన్ని ఎందుకు తీసేశావే? నేనేం చేశాను నిన్ను?"

ఇప్పుడు పెద్దమ్మ తల తిప్పింది. సరిగా కనపడని కళ్ళతో చెల్లెలి ముఖం కోసం వెతికింది.

"ఆ మాట నువ్వడుగుతున్నావా? చేత్తో రాసిన మొదటి ప్రతి నీకే పంపాను, నువ్వు చదవందే అచ్చుకివ్వనని. పది రోజులకి జవాబు రాశావు. 'నా కుటుంబానికి తలవంపులు. నన్ను నీ కథలోంచి తీసెయ్, నీ జీవితంలోంచి కూడా' అని. తీసేశాను. రెండింట్లోంచీ."

"నాకు ఏ ప్రతీ రాలేదు."

"ఉత్తరం నా దగ్గరే ఉంది చిట్టీ. రాత మారిందనుకున్నాను గానీ కింద నీ పేరుంది. ఏ నెల, ఏ తారీకు కావాలన్నా చెప్తాను. నువ్వు మిషను కొనుక్కున్న ఏడాది, వానలు మొదలైనప్పుడు."

అత్తగారు కుడిచేతిని ఎత్తి చూసుకుంది. చూపుడువేలి గోరు మధ్యలో ఒక పాత మచ్చ ఉంది. కోడలు పన్నెండేళ్ళుగా ఆ చేతిని చూస్తోంది గానీ ఆ మచ్చ సంగతి ఎప్పుడూ అడగలేదు.

"ఆ వానాకాలమంతా నా వేలు కట్టులో ఉంది," అంది అత్తగారు. ఆవిడ గొంతు దానంతటదే తగ్గిపోయింది. "కొత్త మిషను. సూది ఎముక దాకా దిగింది. చీము పట్టి నాలుగు నెలలు కలం పట్టలేదు నేను. బడికి సెలవు చీటీ కూడా నేను చెప్తుంటే పక్కన కూర్చుని..."

ఆగిపోయింది.

"ఎవరు రాసిపెట్టారు?" అంది పెద్దమ్మ.

 అత్తగారి చూపు మెల్లగా అక్కమీదనుంచి లేచి, కోడల్ని దాటి, బల్ల వెనక నిలబడ్డ కొడుకు ముఖం మీద ఆగింది. పోయి ఆరేళ్ళయిన భర్త ముక్కూ, ఆయన కనుబొమలూ ఆ ముఖంలో ఉన్నాయి. ఆ మనిషిని ఇవాళే మొదటిసారి చూస్తున్నట్టు ఆవిడ చూస్తూనే ఉంది.